నడిబొడ్డున కీర్తి మందిరం

నాగళ్ళపేట మునిసిపల్ చైర్మన్ లంక సోమునాయుడు గారు ఇతర రాష్ట్రాల పట్టణాలు ఎలా బాగుపడ్డాయో చూసి రావడానికి అధ్యయన యాత్రకు వెళ్ళారు. బయల్దేరేటప్పుడు ఊళ్ళో లేనివి మురుగు కాలువలని ఆయన అనుకున్నారు. తిరిగొచ్చేసరికి లేనిది క్రీడా కీర్తి మందిరమని తేలింది.

ఏదో పెద్ద నగరంలో బజారు మధ్యన ఒక మేడ చూశారట. అందులో ఆ ప్రాంతపు ఆటగాళ్ళ ఫొటోలు, కప్పులు, ఒకాయన చిరిగిన బూట్లు అద్దాల వెనక పెట్టారట. ఆ బూట్లు చూడడానికి జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ వరసలో నిలబడ్డారట. ఇదంతా చైర్మన్ గారు కౌన్సిల్ సమావేశంలో చెప్పారు. మన ప్రాంతంలో మాత్రం చిరిగిన బూట్ల ఆటగాళ్ళు లేరా అని సభ్యులను అడిగారు. ఆటగాళ్ళు ఉన్నారనీ, బూట్లే లేవనీ ఒక సభ్యుడు లేచి చెప్పాడు గానీ, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ప్రభుత్వం కూడా సరేనంది. మంజూరు ఉత్తర్వులో షరతు ఒక్కటే. మందిరం పట్టణ నడిబొడ్డున ఉండాలి. ఆ షరతు నెరవేర్చడానికి సచ్చిదానందం గారిని ప్రత్యేకాధికారిగా వేశారు.

సచ్చిదానందం గారు నెమ్మదైన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. ఉత్తర్వులో ఏ మాట ఉంటే ఆ మాటనే పట్టుకుని నడవడం ఆయన పద్ధతి. నడిబొడ్డు అన్నారు కనుక ముందు ఊరికి బొడ్డు ఎక్కడుందో తేల్చాలన్నారు. సర్వేయర్లు నాలుగు పొలిమేరల నుంచీ కొలుచుకుంటూ వచ్చి పటం మీద గీతలు గీస్తే, ఊరి మధ్యబిందువు ఎండుచేపల బజారులో ఒక ముసలమ్మ గంప కింద పడింది. గంప జరపమంటే ఆవిడ ముందు బోణీ చెయ్యమంది. ఆయన నెత్తళ్ళు కొని, గంప జరిపించి, అక్కడొక ఇనప మేకు కొట్టించారు.

మేకు మీద మందిరం కట్టలేమని ఇంజినీర్లు తేల్చాక, నడిబొడ్డు అన్న మాటకు విశాలార్థం చెప్పమని ఆయన పై అధికారులకు రాశారు. గడియార స్తంభం గంట వినిపించినంత మేరా నడిబొడ్డేనని జవాబు వచ్చింది. ఆ గంట మోగి ఏళ్ళయింది. అందుకని, మోగితే ఎంత దూరం వినిపించేదో అంత దూరమని మరో జవాబు తెప్పించుకుని వేట మొదలుపెట్టారు.

గడియార స్తంభం దగ్గర ఖాళీ చోటు దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పాత సినిమా హాలు అడిగితే, అది కల్యాణ మండపమై చాలాకాలమైందనీ, రాబోయే ముహూర్తాలన్నీ నిండిపోయాయనీ యజమాని చెప్పాడు. పెళ్ళి లేని రోజుల్లో కీర్తి మందిరం నడుపుకోవచ్చు గానీ, పెళ్ళి రోజున కప్పులన్నీ వంటశాలలో సర్దుకోవాలన్నాడు. గ్రంథాలయానికి వెళితే, పేపరు చదువుతున్న పెద్దలు పేపరు అవగానే లేస్తామన్నారు. సచ్చిదానందం గారు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. వాళ్ళు పేపరు పూర్తి చెయ్యలేదు.

చివరికి గడియార స్తంభం వెనక సందులో జనపనార గోదాము కనబడింది. పూర్వం మునిసిపాలిటీ ఆ గోదామును నార వ్యాపారులకు అద్దెకిచ్చేది. మిల్లు మూతపడ్డాక అది అద్దెకు పోలేదు. మునిసిపల్ రికార్డుల్లో అప్పటి నుంచీ ఖాళీ అనే ఉంది.

సచ్చిదానందం గారు లోపలికి అడుగుపెట్టేసరికి అందులో ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు. చేతులకు సుద్దపొడి రాసుకున్న ఒక పిల్ల ఇనప కడ్డీని తల మీదికి లేపి నిలబడి ఉంది. ఆ పిల్ల ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని ఒక దృఢమైన ఆడమనిషి, "మోకాలు వంచకు, మోకాలు" అంటోంది. సచ్చిదానందం గారు గోడలు చూశారు, పైకప్పు చూశారు, పిల్ల కాళ్ళ మధ్య నుంచి నేల గచ్చు చూశారు. తరువాత గుమాస్తాను పిలిచి, భవనం ఖాళీగా ఉన్నదని రాసుకోమన్నారు. గుమాస్తా సందేహంగా పిల్లల వైపు చూశాడు. మనుషులు కనబడినంత మాత్రాన భవనంలో ఎవరో ఉన్నట్టు కాదనీ, అద్దె పత్రం ఉంటేనే ఉన్నట్టనీ ఆయన ఓపిగ్గా విడమరిచారు.

ఆ ఆడమనిషి పేరు అప్పలకొండ. వయసులో ఉండగా జాతీయ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. అప్పట్లో ఊరంతా మేళంతో తిప్పారు, ఉద్యోగం వస్తుందన్నారు. ఆ ఉద్యోగం రాలేదు. మార్కెట్లో వాళ్ళమ్మ కూరగాయల కొట్టే ఆవిడకు మిగిలింది. పొద్దున్న కొట్టు చూసుకుని, సాయంత్రం గోదాములో పిల్లలకు బరువులెత్తడం నేర్పేది. గోదాము వాడుకోమని ఎప్పుడో ఒక కమిషనరు నోటిమాటగా చెప్పాడు. ఆయన బదిలీ అయిపోయాడు, ఆ మాట మాత్రం ఎవరూ అడగనంతకాలం చెల్లుతూ వచ్చింది. పిల్లలంతా ఆ చుట్టుపక్కల వీధుల వాళ్ళే. ఆవిడను అప్పా అనేవారు, సొంత అక్కను పిలిచినట్టే.

వాళ్ళలో ఝాన్సీ మీద ఆవిడకు ఆశ ఎక్కువ. ఝాన్సీ తల్లి అదే మార్కెట్లో బస్తాలు మోస్తుంది. వేసవి చివర్లో రాష్ట్రస్థాయి ఎంపిక పోటీలు ఉన్నాయి. అందులో గెలిచిన వాళ్ళను క్రీడా పాఠశాలలో చేర్చుకుంటారు. తిండి, బడి, నేర్పే మనుషులు, మంచి పరికరాలు అన్నీ అక్కడే. తనకు దొరకనిది ఈ పిల్లకైనా దొరకాలని అప్పలకొండ పట్టుదల.

కొన్నాళ్ళకు మునిసిపాలిటీ నుంచి ఆవిడకొక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. క్రీడా కీర్తి మందిరంలో మొట్టమొదటి చిత్రపటం ఆమెదేననీ, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా దయచేయాలనీ ఒక దాంట్లో రాశారు. ఆ మందిరం కోసం గోదామును తక్షణం ఖాళీ చేయాలనీ, లేకుంటే చర్య తప్పదనీ రెండో దాంట్లో రాశారు.

ఆవిడ రెండూ పట్టుకుని చైర్మన్ గారి దగ్గరకు వెళ్ళింది. ఆయన లేచి నిలబడి మరీ ఆహ్వానించారు. నిలువెత్తు ఫొటో పెడుతున్నామని చేతులతో కొలత చూపించారు. ఆవిడ సంతోషించిన మాట నిజమే. ఇన్నేళ్ళ తరువాత ఎవరో తలుచుకున్నారు కదా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకుని, అడగాల్సింది అడిగింది.

"నా ఫొటో లోపలుంటాది సరే బాబూ. మరి నానూ, పిల్లలూ ఎక్కడుండాల?"

ప్రత్యామ్నాయ స్థలం పరిశీలనలో ఉన్నదని పక్కనే ఉన్న సచ్చిదానందం గారు చెప్పారు. బైపాసు అవతల చెత్త పోసే చోటును ఆనుకుని ఒక జాగా ప్రతిపాదన దశలో ఉందనీ, ప్రతిపాదన నుంచి పరిశీలనకూ, పరిశీలన నుంచి మంజూరుకూ రావడం ఒక సహజ క్రమమనీ వివరించారు. ఇంతకీ ఆ క్రమం ఎండాకాలం లోపల ముగుస్తుందా అని ఆవిడ అడిగింది. ఏ ఎండాకాలమని ఆయన నిజాయితీగానే అడిగారు.

గోదాము ఖాళీ అయింది, పెట్టుకునే చోటు లేక ఇనుము మాత్రం ఒక మూల ఉండిపోయింది. గోడలకు రంగులు వేశారు, చల్లటి గాలి యంత్రాలు బిగించారు. అప్పుడొక కొత్త ఇబ్బంది బయటపడింది. మందిరంలో పెట్టడానికి వస్తువులు లేవు. ఒక కబడ్డీ వీరుడి ఇంటికి వెళ్ళి కప్పు అడిగితే, దాంతోనే బియ్యం కొలుస్తున్నామనీ కొత్త డబ్బా ఇస్తే కప్పు ఇస్తామనీ ఆయన కోడలు చెప్పింది. పరుగు పందెం వీరుడొకాయన తన పతకం ఎప్పుడో తాకట్టులో పోయిందన్నాడు. సచ్చిదానందం గారు బాగా ఆలోచించి, గోదాములోని ఇనప కడ్డీలు, బరువుల బిళ్ళలు పతక విజేత చేతులు తాకినవి కనుక చారిత్రక వస్తువులని నిర్ణయించారు. వాటి చుట్టూ ఎర్ర తాడు కట్టి, తాకరాదని బోర్డు పెట్టించారు.

పిల్లలకు చోటూ పోయింది, ఇనుమూ పోయింది. అప్పలకొండ వాళ్ళను మార్కెట్ రేకుల కింద నిలబెట్టి ఉల్లిపాయల బస్తాలు ఎత్తించింది. బస్తా బస్తాయే గానీ కడ్డీ కాదు. పట్టు చిక్కదు, పైకి లేపేటప్పుడు లోపలి సరుకు ఒక పక్కకు జారుతుంది. ఝాన్సీ నేర్చుకున్న ఒడుపు రోజురోజుకూ పాడవుతోంది. ఒక సాయంత్రం బస్తా చిట్లి ఉల్లిపాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. ఝాన్సీ వాటిని ఏరుతూ ఏరుతూ ఇంక రానని చెప్పి వెళ్ళిపోయింది. అప్పలకొండ వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో కూర్చుంది. ఝాన్సీ తల్లి పెట్టిన టీ తాగింది. మర్నాడు ఝాన్సీ వచ్చింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించారు. అప్పలకొండకు శాలువా కప్పి, ఆవిడ ఫొటో పక్కనే ఆవిడను నిలబెట్టి మళ్ళీ ఫొటో తీశారు. పెద్దమనిషి మందిరమంతా తిరిగి, తాడు వెనకున్న ఇనుమును చూసి, అన్నీ బాగున్నాయి గానీ జీవకళ లేదన్నారు. కారెక్కుతూ అన్న మాట అది. కానీ సచ్చిదానందం గారు దాన్ని ఉత్తర్వుగా స్వీకరించారు.

జీవకళ ఎలా తేవాలో ఆయన వారం రోజులు నిబంధనావళి తిరగేశారు. ప్రదర్శనశాలల్లో సజీవ ప్రదర్శన అనే ఏర్పాటు ఉందని దొరికింది. వెంటనే అప్పలకొండను పిలిపించి, పిల్లలను ప్రదర్శన వస్తువులుగా నమోదు చేసుకోవడానికి మందిరం సుముఖంగా ఉన్నదని చెప్పారు. వస్తువులైతే తాడు లోపల ఉండవచ్చు. లోపల ఉన్న వస్తువు లోపలున్న మరో వస్తువును తాకడానికి అభ్యంతరం లేదు.

"మావు ఎత్తుకోడానికి ఇనుముండాల, నిలబడ్డానికి నేలుండాల. మమ్మల్ని ఏటని రాసుకుంటారో మీ ఇష్టం బాబూ" అంది అప్పలకొండ.

అలా పిల్లలు మళ్ళీ గోదాములోకి వచ్చారు. ఒక్కొక్కరికి ఒక నంబరు కేటాయించారు. ఒక్కొక్కరి ముందూ గ్రానైటు పలక. కాగితమైతే చిరిగిపోతుంది, కీర్తి శాశ్వతం కదా అని చైర్మన్ గారు రాతి మీదే చెక్కించారు. ఝాన్సీ పలక మీద ఆమె పేరు, ఆమె నలభై తొమ్మిది కిలోల విభాగమనీ, తల మీదికి ఎత్తేది అరవై కిలోలనీ ఉంది. మొదట్లో జనం బాగానే వచ్చారు. ఝాన్సీ తల్లి కూడా ఒకనాడు మిగతావాళ్ళలాగే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, తాడు ఇవతల నిలబడి కూతుర్ని చూసుకుంది. ప్రదర్శన వస్తువులతో మాట్లాడరాదని కాపలాదారు చెబితే సరేనని, తెచ్చిన గారెల పొట్లం అతని చేతికే ఇచ్చి వెళ్ళింది.

మంచి కడ్డీ, గట్టి నేల దొరికేసరికి ఝాన్సీకి పోయిన ఒడుపు తిరిగి వచ్చింది. దానికి తోడు కొంచెం ఎత్తు పెరిగింది, ఒళ్ళు చేసింది. చూస్తుండగానే అరవై దాటి అరవై అయిదు లేపింది. అది చూసిన ఒక సందర్శకుడు పలక మీద అంకె తప్పని ఫిర్యాదు చేశాడు.

సచ్చిదానందం గారు ఈసారి నిజంగానే నొచ్చుకున్నారు. అప్పలకొండను కూర్చోబెట్టి, వస్తువు తన వివరణకు కట్టుబడి ఉండాలని చెప్పారు. మందిరం ఉన్నది కీర్తిని ఉన్నదున్నట్టు కాపాడడానికి. ఇక్కడున్నవి పెరగడానికి వీల్లేదు. రాయి మార్చాలంటే టెండరు పిలవాలి. ఇక మీదట ఝాన్సీ అరవై కిలోలే ఎత్తాలి, వీలైతే కాస్త తక్కువ తినాలి.

మధ్యాహ్నం భోజన విరామంలో మందిరం తలుపులు మూస్తారు. ఆ సమయంలో ఎవరూ వస్తువులు కారు. అందరూ అన్నాలు తింటుంటే ఝాన్సీ ఆ మూసిన తలుపుల వెనక అసలు బరువులు ఎత్తేది. అది ముగించి, ఆదరాబాదరా నాలుగు ముద్దలు తిని, తలుపులు తెరిచాక తాడు లోపల నిలబడి అరవై కిలోలను మహా కష్టపడుతున్నట్టు లేపేది. జనం చప్పట్లు కొట్టేవారు.

ఎంపిక పోటీలు దగ్గర పడ్డాయి. ఝాన్సీని తీసుకుని వెళ్ళి రావాలి, అనుమతి ఇమ్మని అప్పలకొండ అడిగింది. సచ్చిదానందం గారు ముఖం దిగులుగా పెట్టారు. మందిరంలోని వస్తువు బయటికి వెళ్ళాలంటే ఒకటే దారి ఉందన్నారు. మరో ప్రదర్శనశాల దాన్ని కొన్నాళ్ళకు అరువు అడగాలి. చెక్కపెట్టెలో గడ్డి వేసి, భద్రంగా మేకులు కొట్టి పంపాలి. పోటీలు జరిగేది స్టేడియం గానీ ప్రదర్శనశాల కాదు.

"ఊపిరాడ్డానికి పెట్టెకి కన్నాలు పెట్టించవచ్చు. ఆ మేరకు నేను చొరవ తీసుకోగలను. కానీ స్టేడియాన్ని ప్రదర్శనశాలగా ప్రకటించడం నా పరిధిలో లేదమ్మా" అన్నారాయన. పాపం, ఆయనకు నిజంగానే బాధగా ఉంది.

అప్పలకొండ ఆ రోజు కొట్టు తెరవలేదు. కూరగాయల బుట్టల మధ్య కూర్చుండిపోయింది. తన పతకం రోజులు గుర్తొచ్చాయో, రాని ఉద్యోగం గుర్తొచ్చిందో మరి. కాసేపటికి లేచి, కుళ్ళిన వంకాయలు ఏరి పక్కన పారేసింది. పారేస్తూ పారేస్తూ ఆగిపోయింది. అక్కడి నుంచి తిన్నగా సచ్చిదానందం గారి గదికి నడిచింది.

ఝాన్సీలో లోపం ఉందని ఆవిడ ఆయనకు ఫిర్యాదు చేసింది. పలక మీద రాసిన విభాగంలో పిల్ల ఇప్పుడు లేదు, ఒళ్ళు చేసి పై విభాగంలోకి పోయింది. అరవై ఎత్తమంటే ఎక్కువ ఎత్తేస్తోంది. ఎంత చెప్పినా వినడం లేదు. ఇలాంటి వస్తువు మందిరానికి అప్రతిష్ఠ కాదా అని అడిగింది. సచ్చిదానందం గారి ముఖం వికసించింది. వివరణకు సరిపోని వస్తువును పనికిరానిదిగా తీసివేయడానికి స్పష్టమైన నిబంధన ఉంది. తీసివేసిన వస్తువు ఎక్కడికి పోయినా మందిరానికి సంబంధం లేదు.

తనిఖీకి ఒక సంఘం కూర్చుంది. లోపం కళ్ళతో చూస్తే తప్ప సంతకం పెట్టేది లేదన్నారు సభ్యులు. అప్పలకొండ కడ్డీకి డెబ్బై కిలోలు ఎక్కించింది. అంతకు ముందెన్నడూ ఝాన్సీ అంత ఎత్తలేదు. పిల్ల సుద్దపొడి రాసుకుని, అప్ప ముఖం ఒకసారి చూసి, వంగి కడ్డీ పట్టుకుంది. ఒక్క ఊపున తల మీదికి లేపి, మోకాళ్ళు బిగించి, కదలకుండా నిలబడింది. సంఘం సభ్యులు పలక చూశారు, పిల్లను చూశారు, ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకున్నారు. లోపం తీవ్రమైనదనీ, మరమ్మతుకు వీలుకానిదనీ ఏకాభిప్రాయానికి వచ్చారు. చైర్మన్ గారు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే కాగితం మీద సంతకం చేశారు.

బస్టాండులో ఝాన్సీ ఆ కాగితం తీసి చదువుకుంది. నిరుపయోగం, ఇక దేనికీ పనికిరాదు అని స్పష్టంగా ఉంది.

"పనికిరానని రాసీసినారప్పా."

"రాయనీ. సంతకం పడ్డాది కదా. బస్సెక్కు" అంది అప్పలకొండ. బస్సు కదిలాక మాత్రం ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని దిగేదాకా వదల్లేదు.

పోటీల్లో ఝాన్సీ మొదటి స్థానంలో గెలిచింది. క్రీడా పాఠశాల వాళ్ళు వచ్చే నెల నుంచి రమ్మన్నారు. ఈ వార్త నాగళ్ళపేటకు చేరగానే చైర్మన్ గారు ఆమె నిలువెత్తు ఫొటో మందిరంలో పెట్టించబోయారు. పనికిరానిదని తీసివేసిన వస్తువును తిరిగి చేర్చుకోవడం నిబంధనలకు విరుద్ధమని సచ్చిదానందం గారు అడ్డుచెప్పారు.

ఈలోగా మిగతా పిల్లల్లోనూ లోపాలు బయటపడసాగాయి. ఒకరు పొడుగయ్యారు, ఒకరు బలిశారు, అందరూ రాసినదాని కంటే ఎక్కువ ఎత్తేస్తున్నారు. వాడగా వాడగా కడ్డీలు కూడా వంగాయని అప్పలకొండ ఫిర్యాదు చేసింది. సంఘం మళ్ళీ మళ్ళీ కూర్చుని అందరినీ, అన్నిటినీ తీసివేసింది. పనికిరాని మునిసిపల్ సామాను వేలం వేసే దాకా కార్యాలయం వెనక షెడ్డులో ఉంచాలని నియమం. కడ్డీలూ, వాటితో పాటు పిల్లలూ అక్కడికే చేరారు. వేలం జరిగి చాలా ఏళ్ళయింది. విరిగిన చెత్తబళ్ళు, వెలగని వీధిదీపాలు ఒక మూలకు నెట్టితే కావలసినంత చోటు. కింద గచ్చు కూడా గట్టిదే. ఝాన్సీ పాఠశాలకు వెళ్ళేలోపు అక్కడే సాధన చేసింది. కిటికీ దగ్గర జనం గుమిగూడడం మొదలైంది.

మందిరానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారని చైర్మన్ గారికి కబురందింది. ఆయన స్వయంగా షెడ్డుకు వచ్చారు. ఇంతమంది జనం వస్తున్న చోటు, పైగా గడియార స్తంభానికి దగ్గరగా ఉన్న చోటు, దీని గురించి ఆయన మనసులో ఏదో ఆలోచన మెదులుతోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఇక్కడున్నవన్నీ పనికిరానివి బాబూ. మీరే సంతకం పెట్టినారు" అంది అప్పలకొండ, ఆయన వైపు తిరగకుండానే. ఆవిడ చూపంతా ఝాన్సీ మీద ఉంది. కడ్డీకి ఆ రోజు కొత్త బరువు ఎక్కించారు.

చైర్మన్ గారు ఇన్ని సభల్లో క్రీడల గురించి మాట్లాడారు గానీ, ఒక పిల్ల బరువెత్తడం మొదటి నుంచి చివరి దాకా ఎప్పుడూ చూడలేదు. ఝాన్సీ వంగింది. షెడ్డులో మాటలన్నీ ఆగిపోయాయి. కడ్డీ మోకాళ్ళు దాటింది, పైకి పోయి ఒక్క క్షణం ఊగింది. చైర్మన్ గారు తెలియకుండానే తన మోకాళ్ళు బిగించుకున్నారు. ఊగిసలాట ఆగింది. పిల్ల చేతులు తిన్నగా నిలిచాయి.

చెప్పడానికి వచ్చింది ఏమిటో చైర్మన్ గారికి ఎంతకూ గుర్తు రాలేదు. ఇంకోసారి ఎత్తమని అడగవచ్చా అని అప్పలకొండను మెల్లగా అడిగారు. కూర్చోమని ఆవిడ ఒక చెత్తబండి చూపించింది.